కింది గొట్టం

ముందు తెలిసింది ముల్లుకి కాదు, నాకు.
ఓమ్నీలో ఇంజిను సీటు కిందే ఉంటుంది.
ముల్లు ఇంకా సగంలో ఉండగానే
నా తొడల కింద పొయ్యి రాజుకుంది.

కనిగిరి దాటి పామూరు రోడ్డు.
వెనక నూట ఇరవై నైటీలు, లంగాలు, పిల్లల జుబ్బాలు.
సంత పదింటికల్లా పలచబడుద్ది.
ఇంకొంచెం, ఇంకొంచెం అని నడిపా,
ముల్లు ఎర్రగీత మీద వాలిందాకా.

"మూత ముట్టమాక అక్కా"
మలకొండయ్య నోటివెంట వచ్చిన మొదటి మాట.
అతని ముంజేతి మీద అరచెయ్యంత మచ్చ ఉంది.
ఇరవయ్యేళ్ళ నాటి తొందర.

సర్కారు తుమ్మ నీడలో గంట కూర్చోబెట్టాడు.
బండి చల్లారిందాకా దాన్నేమీ అడగలా.
నన్నడిగాడు.
ఎత్తెక్కేటప్పుడా, ఆగి ఉన్నప్పుడా?
నీళ్ళు తగ్గుతున్నయ్యా, తగ్గకుండానే కాగుతోందా?
పొగ తెల్లగా వస్తందా, పొద్దున మాత్రమేనా?
వారం వడ్డీ లెక్క అడిగినట్టు తడబడ్డా.
పదేళ్ళుగా దాని మీదే కూర్చుంటున్నా,
ఒక్కటీ గమనించలేదు.

సీటెత్తాడు.
ఆయిలు పుల్ల లాగి, వేళ్ళ మధ్య రుద్ది, ఎండకి పెట్టాడు.
"టీ రంగు తిరగలా. హెడ్డు బతికింది."
బెల్టుని బొటనవేలితో నొక్కాడు.
పంపు కింద తడిమాడు, తడి లేదు.
ఫ్యానుకి బ్యాటరీ నించి వైరు తాకిస్తే
గిర్రున తిరిగి నా కొంగెగరేసింది.
థర్మోస్టాటు చోట ఉత్త బొక్క.
"ఎవరో పీకి పారేశారు.
అందరూ ముందు దాన్నే పీకతారు,
అది నోరెత్తదు గదా."

మళ్ళీ స్టార్టు చేయించాడు.
"పై గొట్టం పట్టుకో."
పట్టుకుని వదిలేశా, చురుక్కుమంది.
"ఇప్పుడు కిందిది."
పట్టుకున్నా. పట్టుకునే ఉన్నా.
ఇసకలో పెట్టిన కుండ మెడలా చల్లగా ఉంది.

"ఇదీ సంగతి.
పోయిన నీళ్ళు తిరిగి రావడంల్యా."

రేడియేటరు దించి, దీపంతో టాకాలు కరిగించి
డబ్బా మూత ఊడదీశాడు.
ఇనప ఊచతో ఒక్కో సందూ పొడిచి లెక్కపెట్టాం.
తెరుచుకున్నవి తొమ్మిది.
మిగతావన్నీ తెల్లగా, గట్టిగా,
గోడకేసిన సున్నం మీద సున్నంలా పూడుకుపోయి.

ఒక పెచ్చు గీకి నా చేతిలో పెట్టాడు.
"ఏందిది?"
"మన నీళ్ళే."

నవ్వాడు.
అతని పళ్ళ మీద గోధుమరంగు పట్టీలు.
చిన్నప్పటి నించీ చూస్తున్న పళ్ళే అవి,
మా బడిలో అందరివీ అట్టాంటివే,
ఫొటో తీసేప్పుడు నేనూ పెదాలు బిగిస్తా.
ఇవాళ మాత్రం
నా చేతిలో పెచ్చునీ, ఆ నవ్వునీ
పక్కపక్కన చూడాల్సొచ్చింది.

లేచాడు.
ఒక చెయ్యి బంపరు మీద, ఒక చెయ్యి తొడ మీద,
కాసేపు ఆగి, అప్పుడు నడుము.
నాకంటే చిన్నోడు, నలభై మూడు.
వంగని మోకాళ్ళని వంచకుండానే
ఎట్టా కూర్చోవాలో, ఎట్టా దూరాలో
కనిపెట్టుకున్నాడు.

సందు సందుకీ ఊచ దూర్చి లాగుతుంటే
గోనెపట్టా మీద తెల్లపిండి రాలింది.
"ఇంక బోరు నీళ్ళు పొయ్యమాక.
క్యాను నీళ్ళు పొయ్యి, కూలెంటు కలుపు."
చెప్పి, షెడ్డు వెనక పంపు కింద సీసా పట్టి
గటగటా తాగాడు.

"అది బోరేగా?"
"ఇంట్లో పిల్లలకి క్యానే అక్కా.
నాకింకెందుకు, పట్టాల్సింది పట్టేసింది."

పదకొండొందలు అడిగాడు.
నీలిపూల నైటీ ఒకటి భార్యకని ఏరుకుని
నూట అరవై తగ్గించాడు.
నూట డెబ్భై అన్నా, వినలా.

సంత ఎప్పుడో అయిపోయింది.
తిరుగు దారంతా ముల్లు సగం దగ్గరే,
బుద్ధిగా.
సీటు గోరువెచ్చన.

ఇంటి ముందు నాలుగు మెట్లు.
రెండో మెట్టు మీద ఆగా, రోజూ ఆగే చోటే.
నైటీల మూట దించి వంగి
మోకాటికి పైన ఒక చెయ్యి,
కింద ఒక చెయ్యి పెట్టి చూశా.